జమాఖర్చుల్లో దొరికిపోయిన బానిసత్వం

డిగ్రీ అయ్యాక మొదట వచ్చే ఉద్యోగాల్లో గొప్పగా చెప్పుకునేవి తక్కువే. అకౌంట్స్ అసిస్టెంట్, బిల్లింగ్, పర్చేజ్, డిస్పాచ్, స్టోర్స్... ఎక్కడో ఓ మూల కుర్చీ, ఎదురుగా ఎక్సెల్ షీటు. ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరికి ఎంత కట్టాం అని రాసుకోవడమే పని. ఇంట్లో ఎవరైనా అడిగితే ఏదో క్లర్కు పనిలే అని తేల్చేస్తాం. సరిగ్గా అలాంటి కుర్చీలో కూర్చుని, అలాంటి లెక్కలే చూస్తూ, ఒక రాజుగారు గుట్టుగా నడుపుతున్న బానిస వ్యవస్థను పట్టేసిన కుర్రాడి కథ ఇది. పేరు ఎడ్మండ్ డీన్ మోరెల్. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ దారుణాలు జరిగిన కాంగో నేల మీద అతను జీవితంలో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. చేతిలో ఉన్నవి ఓడల సరుకు జాబితాలు, రేవులో కళ్లారా చూసిన దృశ్యాలు. అంతే.

మోరెల్ 1873లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, చిన్న ప్రభుత్వోద్యోగి. తల్లి ఇంగ్లిష్ ఆవిడ. పిల్లాడికి నాలుగేళ్లప్పుడే తండ్రి పోయాడు. తల్లి అతన్ని ఇంగ్లండ్‌లో హాస్టల్ బడుల్లో చదివించింది. ఆమె ఆరోగ్యం పాడవడంతో పదిహేనేళ్లకే చదువు ఆగిపోయి, పారిస్‌లో ఓ బ్యాంకులో గుమస్తాగా చేరాల్సి వచ్చింది. కాలేజీ మెట్లు ఎక్కలేదు. 1891లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవుపట్నంలో ఎల్డర్ డెంప్‌స్టర్ అనే ఓడల కంపెనీలో క్లర్కు ఉద్యోగం దొరికింది. జీతం చాలేది కాదు. సాయంత్రాలు ఫ్రెంచి ట్యూషన్లు చెప్పేవాడు. రాత్రుళ్లు పశ్చిమాఫ్రికా వ్యాపారం మీద పత్రికలకు వ్యాసాలు రాసి నాలుగు పౌండ్లు సంపాదించేవాడు. 1896లో మేరీ రిచర్డ్‌సన్‌ను పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఐదుగురు పిల్లలు.

ఆ రోజుల్లో అతని వ్యాసాలు చదివితే అచ్చం వ్యాపారుల మాటలాగే ఉంటాయి. కాంగోలో జనాన్ని హింసిస్తున్నారని మిషనరీలు చెబుతుంటే అతను కూడా మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. పుట్టుకతోనే విప్లవకారుడేమీ కాదన్నమాట. అతనికున్న అదనపు అర్హత ఒక్కటే, రెండు భాషలు ధారాళంగా రావడం. దాంతో కంపెనీ అతన్ని తరచూ బెల్జియం పంపేది. అక్కడి యాంట్‌వర్ప్ రేవులో కాంగో ఓడల ఎగుమతి దిగుమతులు చూసుకోవడం, బెల్జియం అధికారులతో మాట్లాడటం అతని డ్యూటీ.

రాజుగారి సొంత దేశం

ఇక్కడ కాంగో సంగతి కాస్త చెప్పుకోవాలి. 1885లో యూరప్ దేశాలన్నీ ఆఫ్రికాను పంచుకుంటున్నప్పుడు, బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ కాంగో నది చుట్టూ ఉన్న మహా భూభాగాన్ని తన పేర రాయించుకున్నాడు. బెల్జియం దేశానికి కాదు, తనకు! బెల్జియం కంటే డెబ్బై ఆరు రెట్లు పెద్ద నేల ఒక మనిషి సొంత ఆస్తి అయిపోయింది. దానికి పెట్టిన పేరు కాంగో స్వేచ్ఛా రాజ్యం. అరబ్బు బానిస వ్యాపారుల నుంచి ఆఫ్రికన్లను కాపాడతానన్నది ఆయన ప్రపంచానికిచ్చిన మాట. 1889లో బానిసత్వ వ్యతిరేక సదస్సు కూడా ఆయన రాజధాని బ్రస్సెల్స్‌లోనే జరిగింది. పేపర్ మీద ఇంత శుభ్రమైన ‘పాలసీ’ ఉన్న సంస్థ ఆ కాలంలో ఇంకోటి ఉండదేమో.

1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. సైకిళ్లు, ఆ తర్వాత మోటారు బళ్లు. ప్రపంచానికి ఒక్కసారిగా రబ్బరు కావాల్సి వచ్చింది. తోటలు వేసి పెంచాలంటే ఏళ్లు పడుతుంది. కాంగో అడవుల్లో మాత్రం రబ్బరు పాలు కారే తీగలు ఊరికే అల్లుకుని ఉన్నాయి. తీగ వెతికి, చెట్టెక్కి, పాలు తీసి, ఎండబెట్టి మోసుకురావాలి. ఆ చాకిరీ చేసే మనుషులు కావాలి. యాంట్‌వర్ప్‌కూ కాంగోకూ మధ్య ఈ సరుకంతా మోసే కాంట్రాక్టు ఎల్డర్ డెంప్‌స్టర్‌ది. అంటే మోరెల్ పనిచేసే కంపెనీ రబ్బరు తీయదు, కొనదు, అమ్మదు. ఇక్కడి నుంచి అక్కడికి చేరవేస్తుంది. ఈనాటి భాషలో సర్వీస్ ప్రొవైడర్.

లెక్క తేలలేదు

1890ల చివర్లో యాంట్‌వర్ప్ రేవులో నిలబడ్డ మోరెల్‌కు మూడు తేడాలు కనిపించాయి.

ఒకటి, కాంగోకు వెళ్లే ఓడల్లో ఎక్కుతున్న సరుకు. తుపాకులు, వేలకు వేలు తూటాల పెట్టెలు, సైనికాధికారులు. అవన్నీ కాంగో ప్రభుత్వానికో, రబ్బరు కంపెనీలకో చేరేవి. వ్యాపారం చేసేవాళ్లకు ఇన్ని తూటాలెందుకు?

రెండోది, కాంగో నుంచి దిగుతున్న రబ్బరు, ఏనుగు దంతాలు. అవి కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. ప్రభుత్వం అచ్చేసే గణాంకాల్లో చూపిస్తున్నదానికీ, కంపెనీ పుస్తకాల ప్రకారం నిజంగా దిగుతున్నదానికీ పొంతన లేదు. మధ్యలో కోట్ల ఫ్రాంకులు ఎవరి జేబులోకో పోతున్నాయి.

మూడోదే అసలైంది. అది ఉన్నదాంట్లో కనిపించేది కాదు, లేనిదాంట్లో కనిపించేది. కాంగో జనం చేతిలో అప్పట్లో యూరప్ డబ్బు ఆడేది కాదు. వాళ్ల దగ్గర సరుకు కొనాలన్నా, కూలి ఇవ్వాలన్నా బట్ట, ఉప్పు, ఇత్తడి కడ్డీలు, పూసల్లాంటివి ఓడల్లో పంపాల్సిందే. పోతున్న సరుకులో అయిదింట నాలుగు వంతులు వ్యాపారంతో సంబంధం లేనివే. మరి ఇంత రబ్బరుకు ధర ఏ రూపంలో వెళ్తోంది? ఎంత వెతికినా చెల్లింపు లేదు.

మీ ఊరి కిరాణా కొట్టు అనుకోండి. రోజూ లారీలతో బియ్యం దిగుతోంది, పుస్తకంలో మాత్రం రైస్‌మిల్లుకు కట్టిన పైసా లేదు. పైగా నెలనెలా కత్తులు, కర్రలు కొన్న బిల్లులున్నాయి. ఆ బియ్యం ఎలా వస్తోందో తెలుసుకోవడానికి మిల్లు దాకా వెళ్లక్కర్లేదు కదా. మోరెల్ కూడా ఆఫీసు గదిలోనే అర్థం చేసుకున్నాడు. డబ్బివ్వకుండా, తుపాకీ చూపించి, లక్షల మందితో వెట్టిచాకిరీ చేయిస్తున్నారు. ఆ సరుకు మోస్తున్నది తన కంపెనీ. రాస్తున్నది తన చెయ్యి.

అక్కడ జరుగుతున్నది అతని ఊహను మించిపోయింది. ప్రతి ఊరికీ ఇంత రబ్బరని కోటా. మగవాళ్లు అడవికి వెళ్లి తెచ్చేదాకా ఆడవాళ్లను, పిల్లల్ని తాకట్టు వస్తువుల్లా బంధించి ఉంచేవారు. కోటా తగ్గితే కొరడా దెబ్బలు, ఊళ్లు తగలబెట్టడం, కాల్పులు. ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి కాబట్టి, మనిషిని చంపిన సాక్ష్యంగా సైనికులు కుడిచేయి నరికి తెచ్చేవారు. వేటకో మరోదానికో తూటా ఖర్చయితే బతికున్నవాళ్ల చేతులు నరికి లెక్క సరిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ కూడా జమాఖర్చులే! ఒక ఆఫీసులో తూటాలకు లెక్క, ఇంకో ఆఫీసులో రబ్బరు కిలోలకు లెక్క. మనిషికి మాత్రం ఏ పుస్తకంలోనూ పద్దు లేదు.

పై అధికారి గదిలో

మోరెల్ చేసిన మొదటి పని పత్రికలకెక్కడం కాదు. తన కంపెనీ అధినేత సర్ ఆల్‌ఫ్రెడ్ జోన్స్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. జోన్స్ లివర్‌పూల్‌లో చాలా పెద్ద మనిషి. అంతేకాదు, ఆ నగరంలో కాంగో రాజ్యానికి గౌరవ కాన్సుల్ కూడా ఆయనే. కాంగో కాంట్రాక్టు పోతే కంపెనీకి పెద్ద దెబ్బ. రాజుగారు సంస్కరణలు చేస్తున్నారు, ఓపిక పట్టాలి అన్నట్టుగా జవాబొచ్చింది. ఆ తర్వాత ఆఫీసులో వాతావరణం మారిపోయింది. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు మొహం చాటేశారు. ముందు ప్రమోషన్‌తో వేరే దేశానికి పంపిస్తామన్నారు. కాదంటే, రోజుకో గంట సలహాదారుగా ఉంటే చాలు, ఏడాదికింత ఇస్తామన్నారు. అది నోరు మూయించడానికి కడుతున్న ధర అని అతనికి తెలుసు.

ఆ స్థితిని ఓసారి ఊహించండి. డిగ్రీ లేదు, ఆస్తి లేదు. పెళ్లాం, చిన్నపిల్లలు. పదేళ్లుగా ఎదుగుతూ వచ్చిన కంపెనీ. ఇంకో పదేళ్లు కిమ్మనకుండా ఉంటే మేనేజరు కావడం ఖాయం. 1901లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, మోరెల్ రాజీనామా చేశాడు. తర్వాతి కాలంలో ఎన్నోసార్లు ఇల్లు గడవడం కష్టమైంది. ఈ నిర్ణయాన్ని మెచ్చుకోవడం తేలికే గానీ, మేరీ పేరు కూడా దాని పక్కన రాయాలి. ఆమె వెనక్కి లాగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగేది.

మన ఆఫీసులో ఇది ఎక్కడ?

నూట పాతికేళ్ల కిందటి కాంగో గొడవ మనకెందుకు అనిపించవచ్చు. పెద్ద ఫ్యాక్టరీల సంగతి పక్కన పెట్టండి. మీరు రేపు చేరబోయేది ముప్ఫై మంది ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసు కంపెనీయో, హోటలో, ఈవెంట్ మేనేజ్‌మెంటు సంస్థో కావచ్చు. అక్కడ బానిసలెవరూ కనిపించరు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు ఊడ్చే అమ్మ ఎవరి మనిషి? గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు? క్యాంటీన్లో గిన్నెలు తోమే ఒడిశా కుర్రాడు? వాళ్ల పేర్లు మీ కంపెనీ జీతాల పట్టీలో ఉండవు. కాంట్రాక్టరు నెలకోసారి ఇచ్చే ఒక్క బిల్లులో ఒక్క లైనుగా ఉంటారు.

మోరెల్ చూసిన చూపు ఆ లైను మీద పెట్టి చూడండి. ఉదాహరణకు, హౌస్‌కీపింగ్‌కు పది మంది, నెలకు లక్షా పది వేలు అని కొటేషన్ వచ్చిందనుకుందాం. మనిషికి పదకొండు వేలు. ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం పదమూడు వేలు అనుకుందాం. దానిమీద పీఎఫ్‌లో యజమాని వాటా, ఈఎస్‌ఐ, యూనిఫాం, చీపుర్లు, ఫినాయిల్, పైన కాంట్రాక్టరు లాభం. పదకొండు వేలల్లో ఇవన్నీ ఎలా ఇమిడాయి? ఇమడవు. ఎక్కడో ఎవరికో జీతం అందట్లేదు. అందరికన్నా తక్కువ కోట్ చేసిన కాంట్రాక్టరుకు ఓకే చెప్పి, కంపెనీకి డబ్బు మిగిల్చానని పర్చేజ్ ఎగ్జిక్యూటివ్ మెప్పు పొందే రోజది. నిజానికి ఆ రోజే అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేశాడు.

చట్టం ఈ విషయంలో మనం అనుకునేదానికంటే గట్టిగానే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిచాకిరీని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. సంకెళ్లు ఉండక్కర్లేదు, ఆకలి చేత తలవంచినా బలవంతమే అన్నది దాని సారం. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ పని చేయించుకున్న ప్రధాన యజమాని కట్టాల్సి ఉంటుంది. మేం ఏజెన్సీకి ఇచ్చేశాం, మాకు సంబంధం లేదు అనడం కుదరదు. మేం ఓడలు మాత్రమే నడుపుతున్నాం అన్న జోన్స్ తరహా వాదన కూడా ఇంచుమించు ఇదే.

జీతం ఒక్కటే కాదు. ఏటీఎం కార్డు సూపర్‌వైజర్ జేబులో ఉంటే, ఆధార్ ఒరిజినల్ మేస్త్రీ దగ్గర ఉంటే, ఊరి నుంచి తెచ్చేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు ఎన్ని నెలలు కోసినా తీరకపోతే, గది అద్దె, భోజనం అంటూ చేతికొచ్చేది ఏమీ మిగలకపోతే... అవన్నీ ఆ యాంట్‌వర్ప్ తూటాల పెట్టెల్లాంటివే. తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలకూ, పాస్‌పోర్టు యజమాని చేతికిచ్చి గల్ఫ్‌లో పనిచేసే మన కరీంనగర్, కడప వాళ్లకూ ఈ పద్ధతులు కొత్త కాదు. చదువుకున్నవాళ్లకు కూడా ఇప్పుడిది దూరమేం కాదు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి, సైబర్ మోసాల కేంద్రాల్లో బందీలైన తెలుగు యువకుల సంగతి 2024లో అందరం చదివాం. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకునే కంపెనీని బానిసల కంపెనీ అనడం అతి అవుతుంది. కానీ మనిషి వెళ్లిపోకుండా అతని కాగితం పట్టుకోవడమన్న పద్ధతి మాత్రం ఒకటే. అక్కడ సంతకం పెట్టే ముందు ఆగండి.

ఇంకో మాట. బ్రిటన్‌లో 2015లో వచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం, అక్కడ వ్యాపారం చేసే 3.6 కోట్ల పౌండ్ల టర్నోవర్ దాటిన సంస్థలు తమలో, తమ సరఫరాదారుల్లో నిర్బంధ శ్రమ లేకుండా ఏం చేశాయో ఏటా ప్రకటించాలి. చిన్న కంపెనీకి ఆ నిబంధన వర్తించదు. కానీ పెద్ద క్లయింటు తన సప్లయర్లందరికీ ఫారాలు పంపుతాడు. అలా ఆ ప్రశ్నలు హైదరాబాద్‌లోని చిన్న ఆఫీసుల టేబుళ్ల మీదకీ వస్తున్నాయి. నింపేది సాధారణంగా కొత్తగా చేరిన జూనియరే. అన్నింటికీ ‘ఎస్’ కొట్టి పంపేస్తే అయిదు నిమిషాల పని. కింది కాంట్రాక్టరును జీతాల రసీదులు, బ్యాంకు జమలు అడిగి నింపితే వారం పడుతుంది. ఆ వారం ఇమ్మని మేనేజర్ని అడగడం ఉద్యోగంలో భాగమే.

కాగితం మీద కాగితం

మోరెల్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఉద్యోగం మానేశాక కొన్నాళ్లు వేరే పత్రికలో పనిచేసి, 1903లో సొంతంగా ‘వెస్ట్ ఆఫ్రికన్ మెయిల్’ మొదలుపెట్టాడు. పెట్టుబడిలో సాయం చేసినవారిలో జాన్ హోల్ట్ అనే లివర్‌పూల్ వ్యాపారి ఒకడు. అతని రాతలో కోపం ఉండేది గానీ, కోపం ఎప్పుడూ అంకెల తర్వాతే వచ్చేది. తేదీ, ఓడ, సరుకు, బరువు, ఆదేశం నకలు. కాంగోలో ఉన్న మిషనరీలు, అసంతృప్తితో ఉన్న ఉద్యోగులు రహస్యంగా కాగితాలు పంపడం మొదలైంది. లోపలి వాడు రాస్తున్నట్టుగా ఉండటంతో రాజుగారి మనుషులు ఉక్కిరిబిక్కిరయ్యారు.

1903 మేలో బ్రిటిష్ పార్లమెంటు కాంగో మీద తీర్మానం చేసింది. కాంగోలోనే ఉన్న బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్‌ను లోపలికి వెళ్లి చూసి రమ్మన్నారు. కేస్‌మెంట్ ఒక తెలివైన పని చేశాడు. ప్రభుత్వం నడిపే ఓడలు ఎక్కలేదు. అమెరికన్ మిషనరీల దగ్గర ఓ చిన్న స్టీమరు అద్దెకు తీసుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎవరితో మాట్లాడాలో తన ఇష్టం. తనిఖీకి వెళ్లేవాడు తనిఖీ అయ్యేవాడి బండి ఎక్కితే ఏం చూపిస్తే అదే చూసి వస్తాడు. ఈనాటికీ సప్లయర్ ఆడిట్లు చాలావరకు చెడిపోయేది అక్కడే. ఆయన నివేదిక 1904 మొదట్లో వెలువడింది. మోరెల్ ఆఫీసు గదిలో లెక్కగట్టినదంతా నది ఒడ్డున మనుషుల నోట నిజమని తేలింది.

ఇద్దరూ 1903 డిసెంబరులో లండన్‌లో మొదటిసారి కలుసుకుని రాత్రంతా మాట్లాడుకున్నారు. 1904 మార్చిలో లివర్‌పూల్‌లో కాంగో సంస్కరణ సంఘం పుట్టింది. కేస్‌మెంట్ ప్రభుత్వోద్యోగి కాబట్టి పైకి కనపడలేదు. తన సొమ్ములోంచి వంద పౌండ్లిచ్చాడు. ఆ తర్వాత జరిగిన ప్రచారం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఊరూరా సభలు, తెర మీద బొమ్మలు వేసి చూపే ఉపన్యాసాలు. మిషనరీ ఆలిస్ సీలీ హారిస్ తీసిన ఫొటోలు జనాన్ని కుదిపేశాయి. అందులో ఒకటి ఇప్పటికీ చూడటం కష్టం. న్సాలా అనే తండ్రి వరండా మీద కూర్చుని, చంపేసిన తన చిన్నారి కూతురి చేతినీ పాదాన్నీ చూస్తుంటాడు. అమెరికాలో మార్క్ ట్వైన్, ఇంగ్లండ్‌లో ఆర్థర్ కానన్ డాయిల్ పుస్తకాలు రాశారు. మోరెల్ ఆ ఏళ్లలో వేలకొద్దీ ఉత్తరాలు రాస్తూ, 1906లో ‘రెడ్ రబ్బర్’ అనే పుస్తకం తెచ్చాడు.

ఒత్తిడి తట్టుకోలేక లియోపోల్డ్ తానే ముగ్గురు జడ్జీలతో కమిషన్ వేశాడు. సున్నం కొట్టి తెల్లగా చూపిస్తారని ఆయన ఆశ. వాళ్లు నిజంగానే విన్నారు. లొంటులు అనే గ్రామపెద్ద 110 పుల్లలు తెచ్చి వాళ్ల ముందు బల్ల మీద పెట్టాడు. చనిపోయిన తన మనుషుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో పుల్ల. చదవడం రాని మనిషి తెచ్చిన లెక్క అది. 1905లో వచ్చిన కమిషన్ నివేదిక ఆరోపణల్ని చాలావరకు నిజమేనంది.

షాను అంగళ్లు

మోరెల్‌కు కాగితాలు పంపినవాళ్లలో ఒకాయన్ని విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది చెప్పరు. హెజెకయా ఆండ్రూ షాను ఇప్పటి నైజీరియా ప్రాంతంలో పుట్టి, టీచరుగా పనిచేసి, కాంగో రాజ్యపు ఉద్యోగంలో చేరాడు. ఫొటోగ్రాఫర్ కూడా. 1893లో ఉద్యోగం వదిలేసి రాజధాని బోమాలో వ్యాపారం పెట్టాడు. దుకాణం, టైలరింగు, లాండ్రీ, అతిథుల కోసం బసలు. అక్షరాలా చిన్న సర్వీస్ బిజినెస్. కస్టమర్లలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులే.

అతనే కేస్‌మెంట్ ద్వారా మోరెల్‌తో పరిచయమై, ఒక ముఖ్యమైన కోర్టు కేసు పత్రాలు పంపాడు. విషయం బయటికి పొక్కింది. అతన్ని జైల్లో పెట్టడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలలేదు, ఎందుకంటే అతను బ్రిటిష్ ప్రజ. అందుకని ఉద్యోగులెవరూ షాను అంగడికి వెళ్లొద్దని ఆదేశమిచ్చారు. అంతే, బట్టలు ఉతికించుకునేవాళ్లు రాలేదు, గదుల్లో దిగేవాళ్లు రాలేదు. వ్యాపారం దివాలా తీసింది. 1905లో షాను ఆత్మహత్య చేసుకున్నాడు. మోరెల్‌కు లివర్‌పూల్‌లో పత్రికుంది, దాతలున్నారు. నిజం బయటపెట్టినవాడికి రక్షణ అన్న మాట ఈనాటి కంపెనీల విధానాల్లో ఓ పేరాగా కనిపిస్తుంటుంది. ఆ పేరా లేని చోట ఏమవుతుందో బోమాలో జరిగింది.

చాక్లెట్ చేదు

మోరెల్ ఉద్యమానికి డబ్బిచ్చి ఆదుకున్నవాళ్లలో చాక్లెట్ కుటుంబానికి చెందిన విలియం క్యాడ్బరీ ఉన్నాడు. మంచి మనిషి, కార్మికులకు ఇళ్లు కట్టించిన కంపెనీ. అయితే ఆ కంపెనీ కోకో గింజల్లో పెద్ద వాటా పోర్చుగీసు దీవి సావో తోమే నుంచి వచ్చేది. అక్కడ అంగోలా నుంచి తెచ్చిన కూలీలను కాంట్రాక్టు పేరుతో జీవితాంతం కట్టిపడేసేవారు. ఈ సంగతి విలియం చెవిన పడింది 1901లో. విచారణకు మనిషిని పంపింది 1905లో. కొనడం మానేసింది 1909లో! ఈ మధ్యలో హెన్రీ నెవిన్సన్ అనే జర్నలిస్టు అక్కడికి వెళ్లొచ్చి 1906లో పుస్తకం వేశాడు. దాని పేరు ‘ఎ మోడర్న్ స్లేవరీ’. మనం ఇప్పుడు కూడా ఆ మాటే వాడుతున్నాం.

సాక్ష్యాలు సేకరిస్తున్నాం, లోపలుండే ఒత్తిడి తెస్తే మార్పు వస్తుందనుకున్నాం అన్నది క్యాడ్బరీల వివరణ. ‘స్టాండర్డ్’ పత్రిక వాళ్లను కపటులని రాస్తే పరువు నష్టం దావా వేశారు. 1909 చివర్లో జ్యూరీ క్యాడ్బరీల పక్షాన్నే తీర్పిచ్చి, నష్టపరిహారంగా ఒక్క ఫార్దింగ్ ఇప్పించింది. అంటే పెన్నీలో నాలుగో వంతు. గెలుపో ఓటమో ఎవరికి వాళ్లే అర్థం చేసుకోవాల్సిన తీర్పు. సప్లయర్‌ను వెంటనే వదిలేస్తే అక్కడి కూలీ గతి మారకపోవచ్చన్న వాదనలో నిజం ఉంది. కానీ ఎనిమిదేళ్లు ఓపిక పట్టింది కొనేవాడు, ఆ ఎనిమిదేళ్లూ పనిచేసింది కూలీ. గడువు లేని సంస్కరణ హామీ ఎవరికి లాభమో మోరెల్ తన మొదటి యజమాని గదిలోనే నేర్చుకున్నాడు. ఈ కోకో విషయంలో మాత్రం అతని దృష్టి పడాల్సినంత పడలేదనిపిస్తుంది. అతను కాంగో మీదే ఉండిపోయాడు.

1908 నవంబరులో కాంగో లియోపోల్డ్ చేతి నుంచి బెల్జియం ప్రభుత్వానికి పోయింది. మరుసటేడు రాజు చనిపోయాడు. వెట్టి ఒక్క రోజులో ఆగిపోలేదు. పన్ను పేరుతో, గనుల పేరుతో వేరే రూపాల్లో కొనసాగింది. అయినా పాత రబ్బరు దారుణాలు బాగా తగ్గాయి. 1913లో సంఘాన్ని మూసేశారు.

మోరెల్ శేష జీవితం ఇంత సూటిగా లేదు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించి, రహస్య ఒప్పందాల గుట్టు విప్పాలంటూ తిరిగాడు. 1917లో యుద్ధకాలపు నిబంధనల కింద ఆర్నెల్ల జైలు శిక్ష పడింది. పెంటన్‌విల్ జైలు నుంచి బయటికొచ్చేసరికి ఆరోగ్యం చితికిపోయింది, జుట్టు నెరిసిపోయింది. యుద్ధం తర్వాత జర్మనీలో ఫ్రాన్స్ మోహరించిన ఆఫ్రికన్ సైనికుల మీద అతను రాసిన 1920 నాటి కరపత్రం చదివితే సిగ్గేస్తుంది. ఎవరి చేతుల కోసం పదేళ్లు పోరాడాడో ఆ నల్లజాతి మనుషుల్ని అందులో మృగాల్లా చిత్రించాడు. లెక్కల్లో అన్యాయం పసిగట్టిన మనిషి తనలోని జాతి దురభిమానాన్ని పసిగట్టలేకపోయాడు. ఆనాటి మరికొందరు నల్లజాతి రచయితలు దాన్ని అప్పుడే ఖండించారు కూడా.

1922లో స్కాట్లండ్‌లోని డండీ నియోజకవర్గంలో లేబర్ పార్టీ తరఫున నిలబడ్డాడు. అక్కడ ఓడిపోయినవారిలో విన్‌స్టన్ చర్చిల్ ఒకడు. పదిహేనేళ్లకే చదువాపేసిన మాజీ క్లర్కు పార్లమెంటులో కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత, 1924 నవంబరు 12న, అడవిలో నడుస్తూ అలసటగా ఉందని ఓ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి వయసు 51.